తొమ్మిదికి నలభై ఒకటి

కొండ మీది బస,
కార్ల షెడ్డు పక్క గది

అక్కా,

అమ్మకి చదివి వినిపించాల్సిన కాగితం వేరే పెట్టాను. అందులో అంతా చలి, భోజనం, కొత్తగా ఇచ్చిన దుప్పటి. అది గొంతు పెంచి చదువు. ఇది మాత్రం నీకు. కంటి ఆపరేషన్ అయి కట్టు కట్టుకున్న అమ్మకి చెవులు రెట్టింపు పనిచేస్తాయి కాబట్టి నీ గేర్ల షెడ్డులో కూర్చుని చదువుకో.

పోటీ దారి ఈ ఏడు కూడా అదే. కింది వంతెన దగ్గర మొదలు, మలుపులన్నీ ఎక్కి కొండ నెత్తి మీదకి, అక్కడినుంచి అవతలి వైపు దిగుడు, చివర్లో ఆనకట్ట దాకా తిన్నటి రోడ్డు. కార్లని ఒక్కొక్కటిగా వదులుతారు, ఎవరు తొందరగా చేరితే వాళ్ళది గెలుపు. మా ఓనరు ఆ తిన్నటి రోడ్డు మీదే కన్నేసి కూర్చున్నారు. "ఎక్కేటప్పుడు అందరూ ఒకటేనమ్మా, తేలేదంతా కిందే" అని రోజూ పాఠం చెబుతున్నారు.

కాబట్టి వెనక యాక్సిల్‌కి పొడుగు గేర్ కావాలి. చిన్న చక్రం పినియన్‌కి పదకొండు పళ్ళు, పెద్ద చక్రం క్రౌన్‌కి ముప్పై తొమ్మిది. ఎక్కేటప్పుడు కాస్త బద్ధకిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ కింద రెండు వందలు దాటి లాగుతుంది. పొట్టి గేర్ వేస్తే కారు గంతులేస్తుంది కానీ తొందరగా ఆయాసపడుతుంది, పొడుగు గేర్ మెల్లగా లేచి దూరం పోతుంది. ఈ ముక్క నాకు నేర్పిందే నువ్వు, మళ్ళీ నీకే చెబుతున్నాను.

తిన్నటి రోడ్డు మీద, కిందటేడు పోటీలో పొడుగాయన ప్రాణం పోయిన చోట కొత్త రెయిలింగ్ వేశారు. తెల్ల రంగు కూడా కొట్టారు. నువ్వేం కంగారుపడకు. ఎవరి నోటో వింటే ఇంకా పెద్దది చేసుకుంటావని నేనే రాస్తున్నాను.

సామాన్ల వ్యాను వారానికోసారే కొండెక్కుతుంది. ఇక్కడున్న ఒక్క ఫోన్ తీగా మొన్నటి వానలకి తెగింది, బాగుచేసే నాథుడు లేడు. ఎప్పటిలాగే యాక్సిల్ పెట్టెలోనే ఉత్తరం పెట్టు.

నీ చెల్లి


ఇంటి వెనక,
గేర్ల షెడ్డు

ఒసేయ్ చెల్లీ,

రెండు కాగితాలూ అందాయి. అమ్మకి మొదటిది చదివాను. దుప్పటి దగ్గర ఆపి "మందమైందేనా?" అని అడిగింది. అంతా విన్నాక "కారు సంగతి ఒక్క ముక్కా రాయలేదేం?" అంది. నేను దగ్గొచ్చినట్టు నటించాను. కంటికి కట్టున్నా ముఖం నా వైపే తిప్పి కూర్చుంది. ఆవిడ లెక్కలో నువ్వు మగరాయుడివి, నేను నా నీడ చూసి నేనే ఉలిక్కిపడే దాన్ని. పక్కింటావిడ పలకరించడానికొస్తే కూడా అదే చెప్పింది: "మా చిన్నదానికి భయం పెట్టడం దేవుడు మర్చిపోయాడమ్మా. ఆ వాటా కూడా తెచ్చి పెద్దదాని నెత్తిన పెట్టాడు." ఇందులో అబద్ధమేమీ లేదు కాబట్టి ఊరుకున్నాను.

రెయిలింగ్ సంగతి రాసి, మళ్ళీ కంగారుపడకు అంటావు. నిన్న షెడ్డులో ఏదో డబ్బా మూత జారి పడితే గుండె నోట్లోకొచ్చింది. నీ కారు శబ్దం నాకు వినపడే దూరంలో లేదు. అందుకే ఏ శబ్దమైనా నీదే అనిపిస్తోంది.

యాక్సిల్ పంపుతున్నాను. నువ్వడిగిందే. పళ్ళకి పసుపు రంగు పూసి తిప్పాను, రంగు ఎక్కడ చెరిగిందో చూసి, పళ్ళు సరిగా ఆనేలా సన్నరేకులు మార్చి మళ్ళీ తిప్పాను. పంటి నడుమ చెరిగింది, ఎలా ఉండాలో అలాగే. మూత మీద తెల్ల చుక్క పెట్టాను. నా చుక్క ఉంటే మూత తీసి చూడక్కర్లేదని మీ గొణుగుడు మేస్త్రికి తెలుసుగా, అయినా నువ్వూ ఇంకోసారి చెప్పు. తీస్తే లోపల దుమ్ము పడుతుంది.

ఒక్క మాట. ఆ తిన్నటి రోడ్డు మీద ఇంజన్ ఇక నా వల్ల కాదంటే, బలవంతపెట్టకు. దాని మాట విను.

అక్క


కొండ మీది బస

అక్కా,

నీ యాక్సిల్ బిగించాం. నిన్నా ఇవాళా సాధన. కారు కొండెక్కుతుంటే నాకే నవ్వొచ్చింది, కాలు ఇలా ఆనిస్తే అలా దూకుతోంది. మూడు మలుపుల దగ్గర నల్లకారాయన, అదే, కిందటేడు రెండో స్థానం వచ్చినాయన, గడియారం పట్టుకుని నిలబడ్డాడట. నేను దాటిపోయాక గడియారం చెవి దగ్గర పెట్టుకుని నడుస్తోందో లేదో చూసుకున్నాడట. ఈ ముక్క అమ్మ కాగితంలో కూడా రాశాను, నవ్వుతుంది.

కింద మాత్రం అంత లేదు. తిన్నటి రోడ్డు మీద నూట డెబ్బై చేరేసరికి ఇంజన్ చుట్లు చూపే ముల్లు ఎర్రగీత మీదకొచ్చి కూర్చుంటోంది. ఆ పైన ఎంత తొక్కినా అరుపే తప్ప వేగం లేదు. ఓనరు తల పట్టుకున్నారు. "పొడుగు గేర్ వేయించి కూడా ఇంతేనా?" అంటున్నారు. కొండ మీద గాలి పల్చన కదా, దానివల్ల అయ్యుంటుందని చెప్పాను.

గొణుగుడు మేస్త్రికి అనుమానం వచ్చింది. వెనక జాకీ పెట్టి ఎత్తుతానన్నాడు. చక్రాన్ని ఒక చుట్టు తిప్పి, ఇంజన్ వైపునుంచి వచ్చే పొడుగు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూస్తే గేరేమిటో తేలిపోతుందిగా. నేను ఒప్పుకోలేదు. "మా అక్క చుక్క పెట్టాక మళ్ళీ లెక్కపెట్టడమంటే ఆవిడ మొహాన తలుపేసినట్టే మేస్త్రి గారూ" అన్నాను. ఏదో గొణుక్కుంటూ జాకీ తీసేశాడు.

నువ్వు సరిగా తిని పడుకో. నాకైతే ఇక్కడ పడుకున్నదే తెలియట్లేదు, అంత నిద్ర.

చెల్లి


గేర్ల షెడ్డు

చెల్లీ,

నూట డెబ్బై అంటే తక్కువా? మన ఇంటి ముందు బస్సు అందులో మూడో వంతు పోతేనే అమ్మ ముందు సీటు కమ్మీ వదలదు. గడియారం సంగతికి మాత్రం పడీ పడీ నవ్వింది. నవ్వొద్దమ్మా, కంటి మీద ఒత్తిడి పడుతుందని డాక్టర్ చెప్పాడంటే, "నా కూతురు అలాంటిది, నేనేం చేయను" అంది. తర్వాత ఉన్నట్టుండి "ఎంత జోరుగా పోతోందే అది?" అని అడిగింది. బస్సంత అని చెప్పాను.

జాకీ పెట్టనివ్వకుండా మంచి పని చేశావు. చాలా మంచి పని. ఓనరుని కూడా ఇంజన్ జోలికి వెళ్ళొద్దని చెప్పు. కొండెక్కేటప్పుడు సంపాదించిన సమయంతోనే గెలవచ్చు కదా. కింద కాస్త పోగొట్టుకుంటే ఏమైంది? నేను కాగితం మీద లెక్క వేసి చూశాను, మరీ వెనకబడవు.

ఈ వారం నాకు నిజంగానే కంటినిండా నిద్ర పట్టింది. నువ్వు నూట డెబ్బై దగ్గర ఆగిపోతున్నావని చదివాకే పట్టింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను. పొడుగాయనకి కూడా ఒక అక్క ఉండేదని విన్నాను. ఆవిడ ఇప్పుడు ఎలా పడుకుంటోందో.

అక్క


కొండ మీది బస

అక్కా,

ఈసారి అమ్మ కాగితంలో ఒక పిల్లి గురించి రాశాను. బసలో పిల్లి లేదు. వేరే ఏమీ తోచలేదు.

ఓనరు ఊరుకునే మనిషి కాదు కదా. కింద పట్నం నుంచి కొత్త గేర్‌బాక్స్ తెప్పించారు. పాతదానికి నాలుగు గేర్లు, దీనికి ఐదు. ఐదో గేర్ వేయగానే ఇంజన్ హాయిగా నెమ్మదిస్తుంది, కారు మాత్రం ఇంకా ముందుకు పోతూనే ఉంటుంది. ఎర్రగీత గొడవే లేదు. మొన్న నూట తొంభై, నిన్న రెండు వందలు. ఓనరు నా భుజం తట్టి "ఇప్పుడు దారిలోకొచ్చాం" అన్నారు. పోటీ వచ్చే ఆదివారం.

ఒక చిన్న విషయం ఉంది. నూట ఎనభై దాటాక సీటు కింద ఏదో మూలుగు. మొదట రోడ్డుదేమో అనుకున్నాను. నిన్న అది వెన్నులోకి ఎక్కింది. వెనక చూసుకునే అద్దంలో రోడ్డు రెండుగా కనపడింది. కాలు కాస్త తీయగానే ఆగిపోయింది. చక్రాలు మార్చి చూశారు, తేడా లేదు. మేస్త్రి మళ్ళీ జాకీ అన్నాడు, ఓనరు "ఇప్పుడు విప్పితే మళ్ళీ బిగించడానికి టైమేదీ?" అని కసిరారు.

పెద్ద విషయమేమీ కాదు. నీకు చెప్పాలనిపించి చెప్పానంతే. నువ్వు ఎప్పుడూ అనేదే కదా, శబ్దం వస్తే దాచొద్దని.

చెల్లి


గేర్ల షెడ్డు

చెల్లీ,

ఈ పెట్టె తెరిచేదాకా, ఈ ఉత్తరం చివరిదాకా చదివేదాకా కారెక్కకు. పెట్టె మీద ఎర్ర రంగుతో అదే రాశాను. వ్యాను పెద్దాయన చేతులు పట్టుకుని, ముందు నీ చేతికే ఇవ్వమని బతిమాలాను.

నీ కారుకి నేను బిగించింది నువ్వడిగిన గేర్ కాదు. పినియన్‌కి తొమ్మిది, క్రౌన్‌కి నలభై ఒకటి. ఉన్నవాటిలోకెల్లా పొట్టిది. నువ్వడిగిందే అని రాసి, దాని మీద నా చుక్క పెట్టాను. ఎర్రగీత నిన్ను నూట డెబ్బై దగ్గర పట్టి ఆపుతుందని కావాలనే చేశాను. నీ కాలిని నమ్మలేక గేర్‌ని నమ్ముకున్నాను.

ఇప్పుడు విను, ఇది నువ్వు తిట్టబోయే తిట్లకంటే ముఖ్యం. ఆ గేర్‌తో చక్రం ఒక్కసారి తిరగాలంటే నీ సీటు పక్కనుంచి వెళ్ళే పొడుగు షాఫ్ట్ నాలుగున్నర సార్లు తిరగాలి. పాత గేర్‌బాక్స్ ఉన్నంతకాలం ఇంజన్ అలిసిపోయి ఆగేది, దాంతో పాటు షాఫ్టూ ఆగేది. కొత్త దానిలో ఐదో గేర్ వేశాక ఇంజన్ నెమ్మదిగానే ఉంటుంది, షాఫ్ట్ మాత్రం దాన్ని దాటిపోయి తిరుగుతుంది. ఇక దాన్ని ఆపేదేదీ లేదు. చిన్నప్పుడు స్కిప్పింగ్ తాడు రెండు కొసలూ పట్టుకుని తిప్పేవాళ్ళం, నడుమ పొట్ట వచ్చేది గుర్తుందా? ఇనుప గొట్టానికీ ఒక వేగం దాటాక అలాగే పొట్ట వస్తుంది. నీ మూలుగు అదే. అద్దంలో రోడ్డు రెండైందంటే అది ఆ వేగం అంచుకి వచ్చేసిందన్నమాట.

తెగితే ఏమవుతుందో నాకు తెలుసు. షెడ్డుకి అలాంటి లారీ ఒకటి వచ్చింది. షాఫ్ట్ ముందు కొస ఊడి రోడ్డులో గుచ్చుకుంటే వెనక భాగం అమాంతం గాల్లోకి లేచిందట. క్యాబిన్ నేల చీరుకుపోయి ఉంది. డ్రైవర్ ఎక్కడని నేను అడగలేదు.

నిన్ను నెమ్మదిగా ఉంచాలని బిగించిన గేరే నీ కింద ఆ గొట్టాన్ని అంత జోరుగా తిప్పుతోంది.  నీ ఉత్తరం చదివిన చోటే పని మొదలుపెట్టాను. పెట్టెలో ఉన్నది పదకొండుకి ముప్పై తొమ్మిది. దీనితో షాఫ్ట్ రెండు వందల దగ్గర కూడా నిమ్మళంగా తిరుగుతుంది. నిన్ను కాపాడాలంటే నువ్వు జోరుగా పోగలిగే గేర్‌ని నా చేత్తోనే బిగించి పంపాల్సి వచ్చింది. రంగు పూసి మూడుసార్లు తుడిచి మళ్ళీ పూశాను. దీని మీద చుక్క పెట్టలేదు. మేస్త్రి చేత మూత తీయించు, పళ్ళు లెక్కపెట్టించు. షాఫ్ట్ కూడా తీసి పారేయమను, అది ఇప్పటికే వంగి ఉంటుంది.

నేనే వ్యానెక్కి వచ్చేదాన్ని. నిన్న అమ్మ గోడ తడుముకుంటూ లేచి గుమ్మం దగ్గర తూలింది. ఒంటరిగా వదలలేను.

అసలు పోటీ మానెయ్యవే. కడుపునొప్పి అను, అక్క చచ్చిపోయిందను, ఏదో ఒకటి చెప్పి వచ్చెయ్.

అక్క


కొండ మీది బస

అక్కా,

పెట్టె నా చేతికే అందింది. కారు ఎక్కలేదు. మేస్త్రి మూత తీశాడు, రెండు యాక్సిళ్ళ పళ్ళూ లెక్కపెట్టాడు. పాత షాఫ్ట్‌ని షెడ్డు నేల మీద దొర్లిస్తే తిన్నగా పోకుండా పొర్లుకుంటూ గోడ దగ్గరికి పోయింది. నా సీటు పక్క రేకు లోపలివైపు రుద్దుకుని తళతళలాడుతోంది. దాన్ని చూసి ఓనరు కూర్చుండిపోయారు, మొదటిసారి పాఠం చెప్పలేదు. కొత్త షాఫ్ట్, కొత్త యాక్సిల్ బిగించేశారు.

మేస్త్రి నిన్నేమీ అనలేదు. ఎంతో సేపు ఆ పాత మూత మీద నీ చుక్క చూస్తూ ఉండి, "ఇక చుక్క ఉన్నా లెక్కపెట్టుకుంటానమ్మా" అన్నాడు. ఈసారి గొణగలేదు, స్పష్టంగానే అన్నాడు. ఇది నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

ఇప్పుడు నా సంగతి. నువ్వు వేసింది పొట్టి గేర్ అని నాకు మొదటి రోజే తెలుసు. మొదటి మలుపు తిరగకముందే తెలిసింది. నాలుగో గేర్‌లో ముల్లు ఎక్కడుంటే కారు ఎంత పోతుందో తెలియనిదాన్నా నేను? నీ చెల్లిని కదా. మేస్త్రి జాకీని ఎందుకు ఆపానంటావు? నీ పరువు కోసం కాదు. తెలిస్తే వాళ్ళు మార్చేస్తారని.

నాకు హాయిగా అనిపించింది అక్కా. నూట డెబ్బై దగ్గర కారు దానంతటదే ఆగుతుంటే, తప్పు నాది కాదు. మొండి దానిలా తొక్కుతున్నట్టు కనపడవచ్చు, లోపల క్షేమంగా ఉండవచ్చు.

కిందటేడు పొడుగాయన తర్వాత వెళ్ళాల్సింది నేనే. జెండా దగ్గర కార్లో కూర్చుని ఉన్నాను. కాస్త ఆగమన్నారు. ఎందుకో చెప్పలేదు. ఆయన పొద్దున్నే తన చేతి తొడుగులు నాకిచ్చాడు, నావి తడిసిపోయాయని. తర్వాత రోడ్డు ఊడ్చేసి, జెండా ఊపి నన్ను వెళ్ళమన్నారు. వెళ్ళాను. దిగుడులో చివరి మలుపు దాటాక తిన్నటి రోడ్డు మీద ఇంకా నీళ్ళున్నాయి. నీళ్ళే అనుకున్నాను. ఆయన తొడుగులతోనే స్టీరింగ్ పట్టుకుని దాని మీదుగా పోయాను. నాలుగో స్థానం వచ్చిందని అమ్మ వీధంతా చెప్పింది. ఆ రోజునుంచీ ఆ రోడ్డు కనపడగానే నా కుడి మోకాలు వణుకుతుంది. నిద్ర గురించి రాసిందంతా ఉత్తదే.

నువ్వు చెప్పిన కడుపునొప్పి నాకూ తోచింది. ఓనరు గది దాకా వెళ్ళాను కూడా. తలుపు కొట్టి, లోపలికెళ్ళి, టైర్లలో గాలి ఎంత పెట్టాలని అడిగి వచ్చేశాను. నోరు రాలేదు.

రేపే పోటీ. ఇప్పుడు కారు నన్ను ఆపదు. ఎంత కావాలంటే అంత పోతుంది. దానికే భయంగా ఉంది.

ఇది అమ్మకి చదవకు.

చెల్లి


గేర్ల షెడ్డు

చెల్లీ,

ఇది నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. తెలిసీ రాస్తున్నాను, చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి.

ఈసారి నువ్వు అమ్మ కాగితం పెట్టలేదు. నీదొక్కటే ఉంది. అమ్మ ముందు కూర్చుని దాన్ని పట్టుకుని, అందులో లేనిదంతా అల్లి చదివాను. బాగున్నాను, చలి తగ్గింది, పిల్లి పిల్లల్ని పెట్టింది. అమ్మ మధ్యలో ఆపింది. "అది బాగున్నాను అని ఎప్పుడూ మొదలుపెట్టదే. కాగితం ఇటియ్యి" అంది. ఇచ్చాను. కట్టున్న కళ్ళతో దాన్ని ఏం చేస్తుంది? వేళ్ళతో తడిమి, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది. "ఎంత గట్టిగా నొక్కి రాసిందో" అంది.

నువ్వు చదవొద్దన్నావు, చదవలేదు. కానీ భయపడుతోందా అని అడిగితే కాదనలేకపోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వీధిలో ఏ బండి ఆగినా ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడుతున్నాం. ఇప్పుడు ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పిరికిదాన్ని కాదు.

మేస్త్రి అన్నది నాకు రాసి మంచి పని చేశావు. ఆ మాట నాకు తగలాల్సిందే. తెల్ల రంగు డబ్బా మూత పెట్టేశాను.

ఏ వేగంతో వస్తావో నేనడగను. వచ్చెయ్.

అక్క


కొండ మీది బస

అక్కా, అమ్మా,

ఈసారి ఒకటే కాగితం. అక్కా, మొత్తం చదువు, ఏదీ మింగకు.

ఒంటి మీద గీత కూడా పడలేదు. అది ముందు.

ఎక్కడం బానే ఎక్కాను. పొడుగు గేర్ కదా, ముందున్నంత గంతులేదు, అయినా బాగా పట్టుకుంది. నెత్తి మీద మలుపు తిరిగి కిందికి దిగాను. తిన్నటి రోడ్డు మొదలైంది. నూట డెబ్బై దాటింది, మూలుగు లేదు. నూట తొంభై, అద్దంలో రోడ్డు ఒకటే ఉంది. అక్కా, నువ్వు చేసిన యాక్సిల్ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నా మోకాలు వణికి స్టీరింగ్ కింద తగులుతున్న చప్పుడు నాకు వినపడింది. ముల్లు ఇంకా చాలా కిందనే ఉంది. రోడ్డు ఖాళీ. తెల్ల రెయిలింగ్ కనపడింది. తొక్కితే పోతుంది, నాకు తెలుసు.

కాలు తీసేశాను. నెమ్మదిగా కూడా కాదు, ఒక్కసారిగా తీసేశాను. రెయిలింగ్ పక్కనుంచి బండి దానంతటది పోతుంటే దాన్ని పోనిచ్చాను. ఆనకట్ట దగ్గరికి వచ్చేసరికి జనం చప్పట్లు కూడా కొట్టలేదు, ఏమైందోనని చూస్తున్నారు.

ఓనరు పరుగెత్తుకుంటూ వచ్చారు. "ఇంజనా?" అన్నారు. కాదన్నాను. "షాఫ్టా?" కాదన్నాను. "మరి గేరా?" అన్నారు. గేర్ బ్రహ్మాండంగా ఉందని చెప్పాను.

"మరేమైంది?"

"నాకు భయమేసిందండీ."

ఆయన వంగి కారు తలుపు తీశారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. "దిగమ్మా" అన్నారు. నాకు తొమ్మిదో స్థానం. వచ్చే ఏడు కారు వేరే ఎవరికో ఇస్తారు, సాయంత్రం మేస్త్రి చెప్పాడు. అమ్మా, వీధిలో చెప్పుకోవడానికి ఈసారి ఏమీ లేదు.

గెలిచింది నల్లకారాయన. చీకటి పడకముందే కప్పు ఇచ్చేశారు, ఫోటోలు తీశారు. నేను షెడ్డు వెనక కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఆయన వచ్చాడు. కప్పు చంకలో ఉంది. నేను అభినందిస్తే వినిపించుకోలేదు.

"ఎక్కడ తీశావు కాలు?" అన్నాడు.

"రెయిలింగ్‌కి ముందే" అన్నాను.

"నేనూ అక్కడే తీద్దామనుకున్నా. కాలు రాలేదు." కొళాయి కింద చేతులు పెట్టాడు. దోసిట్లో నీళ్ళు నిలవడం లేదు. "మూడేళ్ళనుంచి అనుకుంటున్నా, రావట్లేదు. అందరూ చూస్తుంటారు కదా."

నేను కొళాయి కట్టేశాను. కప్పు నేల మీద పెట్టి నా వైపు తిరిగాడు. చుట్టూ ఎవరూ లేరు, అయినా గొంతు తగ్గించాడు.

"మీ మేస్త్రి చెప్పాడు, మీ అక్కయ్య గారు నీకు ముందు ఒక గేర్ చేసి పంపారట కదా, పోనివ్వనిది. తొమ్మిదికి నలభై ఒకటి. నాకూ ఒకటి చేసి పెట్టమని అడుగుతావా? మా ఓనరుకి తెలియకూడదు."

నీ చెల్లి